మిరియము నుండి మిరపకాయ వరకు

తెలుగువారి భోజనమనగానే అన్యప్రాంతీయులకు మొదట స్ఫురించేది కారం. ఆవకాయ, పండుమిరప పచ్చడి, ఊరమిరపకాయలు లేని తెలుగు విస్తరిని ఊహించుట కష్టం. అయితే మిరపకాయ మన నేలపై పుట్టినది కాదు. ఐదు శతాబ్దాల క్రిందటి మన పూర్వులు దానిని ఎరుగరు. వస్తువు పరదేశానిది, పేరు మాత్రం మనది. ఈ వైచిత్రి వెనుక గల చరిత్ర తెలుసుకొనదగినది.

మిరపకు జన్మస్థానం అమెరికా ఖండం. అక్కడి ప్రజలు ఆరు వేల ఏండ్లకు పూర్వమే దానిని ఆహారంగా వాడుకొన్నారు. 1492లో కొలంబస్ సముద్రయానానికి పూనుకొన్నది తూర్పు దేశాల సుగంధద్రవ్యాలను ఆశించి. వానిలో ముఖ్యమైనది మిరియము. ఆయనకు మిరియాలు లభించలేదు; వానివలెనే నాలుకను మండించే వేరొక కాయ లభించినది. స్పెయిన్ దేశీయులు తమ భాషలో మిరియమును తెలిపే మాటనే కొద్దిగా మార్చి దానికి పేరుగా పెట్టుకొన్నారు. 1498లో వాస్కోడగామా కాలికట్ చేరాడు. 1510లో గోవా పోర్చుగీసుల వశమైనది. వారి నౌకల ద్వారానే మిరప మన దేశానికి వచ్చినదని చరిత్రకారుల అభిప్రాయం.

అంతకు పూర్వం మన వంటలకు ఘాటునిచ్చినవి మిరియాలు, పిప్పళ్లు, అల్లం, శొంఠి, ఆవాలు. కొత్త కాయను చూచిన మన పెద్దలు కూడ తెలిసిన రుచి పేరునే తెలియని కాయకు పెట్టారు. మిరియము, మిరప అనే మాటలు ఒకే మూలానికి చెందినవి. ఇరుగుపొరుగు భాషలలోను ఇదే తీరు కానవచ్చును. తమిళంలో మిళగు మిరియము, మిళగాయ్ మిరపకాయ. కన్నడంలో మెణసు, మెణసినకాయి. మరాఠీలో మిరే, మిర్చి. ఒడియాలో మాత్రం మిరపకాయను 'లంకా' అంటారు. ఆ పేరులో మిరియపు ఛాయ లేదు.

'కారం' అనే మాట చరిత్ర కూడ గమనింపదగినది. ఒక రుచిని తెలిపే ఆ మాట మిరపపొడికే పేరైపోయినది. "కూరలో కారం వేయి" అన్నప్పుడు నేడు ఎవరికీ మిరియాలు గుర్తుకు రావు. అయినను పాత వంటిల్లు పూర్తిగా కనుమరుగు కాలేదు. జలుబు చేసినప్పటి మిరియాలచారు, బాలింత పథ్యం దాని ఆనవాళ్లే. కొన్ని కుటుంబాలలో ఆబ్దికపు వంటలో నేటికీ మిరపకాయ వాడరు, మిరియాలే వాడతారు. పితృదేవతలకు తాము ఎరిగిన రుచినే వడ్డించుచున్నట్లున్నది ఆ ఆచారం!

పరాయిదైన ఆ కాయ నేడు గుంటూరుకు, కర్ణాటకలోని బ్యాడగికి పేరు తెచ్చిన పంట అయినది. కోపించినవారు "కారాలు మిరియాలు నూరుతున్నారు" అనే మన నుడికారంలో పాత ఘాటు, కొత్త ఘాటు ఒకే రోటిలో పడినవి.

తెలుగునాటికి వెలుపల తరతరాలుగా స్థిరపడిన కుటుంబాలకు ఈ మాట కథ మరింత దగ్గరిది. ఆ ఇండ్ల పిల్లలు అంగడిలో మెణసినకాయి అనో, మిళగాయ్ అనో, మిర్చి అనో అడుగుతారు. ఇంటికి వచ్చి అమ్మతో మిరపకాయ అంటారు. రెండు మాటలూ వారివే. అయితే అంగడి మాటను ఊరంతా నేర్పుతుంది. ఇంటి మాటను నేర్పవలసినది ఇల్లు, బడి మాత్రమే. వచ్చిన వస్తువును కాదనక, ఉన్న మాటను విడువక మన పూర్వులు నడచిన త్రోవ అదే.