నక్షాలో గీత మందం: ఢిల్లీ అనుభవం

భవన నిర్మాణంలో తొలి పని గీత గీయడం. మన వాస్తు గ్రంథాలైన మయమతం, మానసారం శిల్పులను నాలుగు తెగలుగా పేర్కొన్నాయి: స్థపతి, సూత్రగ్రాహి, వర్ధకి, తక్షకుడు. వీరిలో సూత్రగ్రాహి దారం పట్టి, కొలత చూసి, గీత నిలిపేవాడు. స్థపతి మనసులోని రూపం తక్షకుని ఉలికి అందాలంటే నడుమ ఈ సూత్రగ్రాహి ఉండాలి. మధ్యప్రదేశ్‌లోని భోజ్‌పూర్‌లో 11వ శతాబ్దంలో ప్రారంభమై అసంపూర్ణంగా మిగిలిన శివాలయం పరిసరాల బండలపై ఆలయ భాగాల రేఖాచిత్రాలు నేటికీ కనిపిస్తాయి. రాతిపై గీత మందాన్ని నిర్ణయించేది ఉలి మొన. కాగితంపై ఆ నిర్ణయం కలం చేతికి వచ్చింది. ఇటీవలి దశాబ్దాలలో అది కలం చేతినుండి కూడా జారి, కంప్యూటర్‌లోని ఒక పట్టికలోకి చేరింది. ఈ మార్పు చిన్నదిగా కనిపించినా దాని పర్యవసానాలు చిన్నవి కావు.

నక్షా చదవడం తెలిసినవారికి గీత మందం అలంకారం కాదు, అర్థం. గోడను అడ్డంగా కోసి చూపినచోట గీత మందంగా ఉంటుంది. కోతకు దిగువన కనిపించే మెట్లు, అరుగులు సన్నని గీతలో ఉంటాయి. కొలతల గీతలు మరింత సన్నం. తలపైన ఉండే దూలం, చూరు తెగిన గీతలతో సూచితమవుతాయి. ఈ తారతమ్యం చెరిగిపోతే గోడ ఏదో, గచ్చుపై గీసిన హద్దు ఏదో పనిచోట మేస్త్రీకి తెలియదు.

1911 డిసెంబరు 12న రాజధాని మార్పు ప్రకటన వెలువడింది. 1931లో కొత్త ఢిల్లీ ప్రారంభోత్సవం జరిగింది. ఈ ఇరవై యేళ్లలో ఎడ్విన్ లట్యెన్స్, హెర్బర్ట్ బేకర్‌ల కార్యాలయాలలో పనిచేసింది రూలింగ్ పెన్ను. రెండు లోహపు రేకుల నడుమ సిరాచుక్క నిలిపి, పక్కనున్న మరను బిగిస్తే సన్నగీత, వదులు చేస్తే మందగీత వచ్చేది. మందం డ్రాఫ్ట్స్‌మన్ వేలి కొసలో ఉండేది. నక్షాపై గీత ఎంతటి బాధ్యతతో కూడినదో రాయ్‌సీనా గుట్ట వివాదం తెలుపుతుంది. సచివాలయాల మధ్య దారికి 1913లో తాను అంగీకరించిన వాలు కారణంగా, దిగువనుండి వచ్చేవారికి వైస్రాయ్ భవనం కొంత దూరం కనుమరుగవుతుందని లట్యెన్స్ ఆలస్యంగా గుర్తించాడు. ఎంత పోరాడినా ఆ వాలు మారలేదు.

నకళ్లు తీసే పద్ధతి కూడా గీతను శాసించింది. 1842లో జాన్ హర్షెల్ కనుగొన్న ప్రక్రియనుండి పుట్టిన బ్లూప్రింట్‌లో వెలుతురు ట్రేసింగ్ గుండా ప్రసరిస్తుంది. సిరా అడ్డుకున్నచోట తెల్లగీత, మిగిలినచోట నీలం ఏర్పడతాయి. సన్నని, పలచని గీత వెలుతురును ఆపలేక మాయమవుతుంది. తరువాత వచ్చిన అమ్మోనియా ప్రింటుకూ ఇదే స్వభావం. అందుచేత డ్రాఫ్ట్స్‌మన్ తన కంటికోసం మాత్రమే కాక నకలు కోసం కూడా గీత గీయవలసి వచ్చేది.

స్వాతంత్ర్యం వచ్చిన యేడే, 1947లో, భారతీయ ప్రమాణాల సంస్థ ఏర్పడింది. అదే 1987లో భారతీయ ప్రమాణాల బ్యూరోగా మారింది. ఢిల్లీలోని బహదూర్ షా జఫర్ మార్గ్‌లో ఉన్న మానక్ భవన్‌నుండి వెలువడిన ప్రమాణాలు గీతకు అంకెలు కట్టాయి. 1988లో విద్యాలయాల కోసం వెలువరించిన చేతిపుస్తకం మందాలను మిల్లీమీటర్లలో 0.18, 0.25, 0.35, 0.5, 0.7, 1, 1.4, 2గా పేర్కొన్నది. ప్రతి మెట్టూ ముందరి మెట్టుకు సుమారు 1.4 రెట్లు. కాగితం పరిమాణాలు కూడా ఇదే నిష్పత్తిలో పెరుగుతాయి. కనుక ఏ4 కాగితంపై 0.35గా ఉన్న గీత ఏ3కు పెంచినపుడు 0.5 అవుతుంది, మరల అదే శ్రేణిలో చేరుతుంది. మందగీత సన్నగీతకు కనీసం రెట్టింపు ఉండాలనీ, సమాంతర గీతల నడుమ 0.7 మిల్లీమీటర్ల ఎడం ఉండడం మంచిదనీ ఆ నియమాలు చెబుతాయి.

ఈ అంకెల వెనుక ఉన్న వివేకం ఒక ఉదాహరణతో స్పష్టమవుతుంది. 115 మిల్లీమీటర్ల అర ఇటుక గోడ 1:100 స్కేలులో 1.15 మిల్లీమీటర్లు. దాని రెండంచులను 0.7 గీతలతో గీస్తే నడుమ 0.45 మాత్రమే మిగులుతుంది. 1:200 స్కేలులో గోడే 0.575 మిల్లీమీటర్లు, అవే గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి నల్లని పట్టీ అవుతుంది. ఏ1 నక్షాను ఏ3కు తగ్గిస్తే 0.18 గీత 0.09 అవుతుంది, జిరాక్సులో అది నిలవడం కష్టం.

1982లో ఆటోక్యాడ్ వెలువడింది. మన దేశంలో 1984 నాటి కంప్యూటర్ విధానం తరువాత కార్యాలయాలకు కంప్యూటర్లు చేరువయ్యాయి. తెరపై గీతలన్నీ ఒకే సన్ననివి. అచ్చువేసే ప్లాటర్‌లో ఆరో ఎనిమిదో కలాలు ఉండేవి. ఏ గీతకు ఏ కలం వాడాలో యంత్రానికి తెలిపేది తెరపైని రంగు. ఆ విధంగా రంగు మందానికి సంకేతమయింది. కలాల ప్లాటర్లు పోయి సిరా చిమ్మే యంత్రాలు వచ్చిన తరువాతా ఆ అలవాటు పోలేదు. 1999లో వచ్చిన ఆటోక్యాడ్ 2000లో గీతకే మందాన్ని ఆపాదించే వీలు కలిగింది; 255 రంగులకు 255 మందాలు నిర్దేశించగల పట్టికలూ వచ్చాయి. అయితే ఆ పట్టిక నక్షా ఫైలులో భాగం కాదు, వేరే ఫైలు. ఒక కార్యాలయంలో ఎరుపు 0.18 కావచ్చు, మరొకచోట 0.5 కావచ్చు. పట్టిక లేకుండా నక్షా మాత్రమే నెహ్రూ ప్లేస్‌లోని అచ్చు దుకాణానికి చేరితే, గోడా కొలత గీతా ఒకే మందంతో వెలువడే ప్రమాదం ఉంది.

ఇందులో మరొక చిక్కు గమనార్హం. 1970లో తొలిసారి వెలువడిన జాతీయ భవన నిర్మాణ స్మృతి పురపాలక సంస్థల ఉపవిధులకు నమూనాగా నిలిచింది. అనుమతి కోరే నక్షాలకు ఆ స్మృతి రంగులు నిర్దేశించింది: స్థలం హద్దు మందమైన నలుపు, కొత్త కట్టడం ఎరుపు, తొలగించవలసినది పసుపు, మురుగు కాలువ ఎర్రచుక్కల గీత. అనగా పురపాలక అధికారికి ఎరుపు కొత్త కట్టడం. ప్లాటర్‌కు అదే ఎరుపు ఒక కలం సంఖ్య. ఒకే రంగు రెండు భాషలు మాట్లాడుతున్నది.

2020లో తెలంగాణ ప్రవేశపెట్టిన టీఎస్-బీపాస్ వంటి ఆన్‌లైన్ పద్ధతులతో నక్షాలు కాగితం లేకుండానే కార్యాలయాలకు చేరుతున్నాయి. ఇటువంటి నక్షాలను పరిశీలించే సాఫ్ట్‌వేర్‌కు పొర పేరు ముఖ్యం, గీత మందం కాదు. కాని కట్టే మేస్త్రీకి, రేపు మరమ్మతు చేసే ఇంజనీరుకు, ఎల్లుండి చరిత్ర రాసే పరిశోధకునికి మందమే ఆధారం. లట్యెన్స్ కాలపు నక్షా తన గీతల మందాన్ని తనలోనే మోస్తున్నది. సిరా ఆరిన నాటినుండి దానిని ఎవరూ వివరించనక్కరలేదు. 1990వ దశకపు కంప్యూటర్ నక్షా తెరిస్తే రంగురంగుల సన్నని గీతలు మాత్రమే కనిపిస్తాయి. పట్టిక పోతే అర్థమూ పోతుంది.

1993 నాటి ప్రభుత్వ దస్తావేజుల చట్టం కంప్యూటర్‌లో తయారైనదానిని కూడా దస్తావేజుగా గుర్తించింది. కనుక ప్రభుత్వ భవనాల నక్షాలను భద్రపరచేటపుడు మూల ఫైలుతోపాటు దాని మందాల పట్టికనూ, అచ్చయిన రూపానికి సరిసమానమైన పి.డి.ఎఫ్. ప్రతినీ జతచేయడం అవసరం. ఇందుకు పెద్ద వ్యయం లేదు; ఒక ఉత్తర్వు చాలు. ప్రాచీనులు సూత్రగ్రాహిని స్థపతి పక్కనే నిలిపారు. ఆ స్థానంలో నేడున్న పట్టికను నక్షానుండి విడదీయకుండా కాపాడడం మన కార్యాలయాల విధి.