నల్లరంగు కింద అంబర్ డ్రమ్ము

డ్రమ్ముకు తోలు బిగించే లగ్గు ఊడివచ్చింది. దాని కింద అంగుళమంత మేర నల్లరంగు అంటలేదు. అక్కడ తేనె రంగులో, అవతలి వెలుతురు కనబడేలా మెరిసింది షెల్, అంటే డ్రమ్ము ఒళ్ళు. మేస్త్రి టార్చి దగ్గరికి తెచ్చి చూశాడు.

"అంబరే" అన్నాడు.

ఎదురుగా నిలబడ్డ పెద్దాయన తల వంచుకున్నాడు. ఆ నల్లరంగు పూసింది ఆయనే. 1980లలో, కుర్రతనంలో.

ఇదంతా జరిగే గ్యారేజీ చికాగో శివారులో ఉందనుకోండి. మేస్త్రికీ పెద్దాయనకూ పేర్లు పెట్టలేదు, ఎందుకంటే వీళ్ళు ఫలానా మనుషులు కారు. పాత అక్రిలిక్ డ్రమ్ములు బాగుచేసేవాళ్ళకూ, చేయించుకునేవాళ్ళకూ తరచూ ఎదురయ్యే సంగతులను కలిపి అల్లిన కథ ఇది. డ్రమ్ము చరిత్ర, పని పద్ధతి మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

చికాగోలో 1909లో పుట్టిన లడ్విగ్ కంపెనీ 1972లో విస్టాలైట్ అనే డ్రమ్ములు తెచ్చింది. అంతకుముందే, 1950ల చివర్లో, కాన్సాస్ సిటీకి చెందిన బిల్ జికోస్ అక్రిలిక్‌తో డ్రమ్ములు చేసి చూపించాడు. విస్టాలైట్ ఆ సరుకును పెద్ద వేదికల మీదికి ఎక్కించింది. 1973 జులైలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బాన్‌హామ్ అంబర్ రంగు విస్టాలైట్ వాయించాడు. ఆ కచేరీలను కెమెరాలు పట్టుకున్నాయి. 1976లో సినిమాగా వచ్చాక ఆ 26 అంగుళాల బాస్ డ్రమ్మును చూసి మనసు పారేసుకుని అలాంటిదే కొనుక్కున్న కుర్రాళ్ళలో మన పెద్దాయన ఒకడు.

తర్వాత ఫ్యాషన్ మారింది. రంగురంగుల ప్లాస్టిక్ డ్రమ్ములంటే పాతకాలం సరుకన్నారు. బ్యాండులో మిగతావాళ్ళు నవ్వారు. ఓ శనివారం స్ప్రే డబ్బాలతో అంబర్ కాస్తా నలుపైపోయింది.

"థిన్నర్‌తో తుడిచేస్తే పది నిమిషాల్లో పోతుంది కదా?" అడిగాడు పెద్దాయన.

మేస్త్రి జవాబు చెప్పలేదు. మూలన పడున్న పగిలిన షెల్ ముక్క తెచ్చి, బోల్టు కన్నం పక్కన రెండు చుక్కల అసిటోన్ వేశాడు. ఇద్దరూ వంగి చూశారు. తడిసిన చోటు జిగటగా మారి, తెల్లబారి, కన్నం చుట్టూ వెంట్రుకల్లాంటి చీలికలు పాకాయి.

"ఇవి ఇక పోవు. ఎంత పాలిష్ పట్టినా పోవు" అన్నాడు మేస్త్రి.

మన ఊళ్ళలో దుకాణాల ముందు వెలిగే బోర్డులకు వాడే అక్రిలిక్ షీటుదీ డ్రమ్ముదీ ఒకటే జాతి. విస్టాలైట్ షెల్‌ను రేకును చుట్టినట్టు షీటును గుండ్రంగా వంచి, అంచులు కలిపి అతికించేవారు. అందువల్ల వంపులోనూ, అతుకులోనూ, బోల్టు బిగింపుకు లోనైన కన్నాల దగ్గరా లోపల ఒత్తిడి నిలిచి ఉంటుంది. అసిటోన్, థిన్నర్ లాంటివి ఆ ఒత్తిడి ఉన్నచోట లోపలికి చొరబడి పదార్థాన్ని విడదీస్తాయి. అద్దాలు తుడిచే అమోనియా ద్రావకం కూడా అక్రిలిక్‌కు పడదు. కొన్నిసార్లు తుడిచిన వెంటనే ఏమీ తెలియదు, చీలికలు తర్వాత తీరిగ్గా బయటపడతాయి. తొందరపడ్డవాడికి తప్పు తెలిసేసరికి డ్రమ్ము మళ్ళీ స్టాండెక్కి ఉంటుంది.

మేస్త్రి గోటితో రంగును గీకాడు. నున్నటి అక్రిలిక్ మీద పూసిన రంగయితే పెచ్చులుగా లేవాలి. ఇది కదల్లేదు.

"రంగు వేసేముందు ఏమన్నా చేశారా?"

పెద్దాయన కాసేపు ఆలోచించాడు. "ఉప్పు కాగితం పట్టాను. బాగా గరుకుది. రంగు పట్టుకోవాలని."

అప్పుడు మేస్త్రి నవ్వాడు. "అయితే ఏ మందూ అక్కర్లేదు. రంగు కూర్చుంది మీరు గీసిన గీతల్లోనే. గీతలు పోతే రంగూ పోతుంది."

ముందు పగులు సంగతి చూడాలి. లగ్గు కన్నం నుంచి అరంగుళం పొడవున ఒక బీట. ఎవరో అతిగా బిగించారు. బీట చివర సన్నటి డ్రిల్లుతో చిన్న రంధ్రం వేశాడు, అది ఇంకా ముందుకు పోకుండా. తర్వాత నీళ్ళంత పలచటి అక్రిలిక్ సిమెంటును సూదితో అంచున తాకించాడు. అది తనంతట తానే బీటలోకి పాకింది. ఇందాక షెల్‌ను కాల్చిన అసిటోన్ లాగే ఇదీ అక్రిలిక్‌ను కరిగించేదే. కాకపోతే ఇక్కడ రెండు అంచులనూ కరిగించి ఒకటి చేస్తుంది. పూర్తిగా గట్టిపడేదాకా షెల్ జోలికి పోలేదు.

తర్వాత బకెట్టు నీళ్ళు, వాటర్ పేపర్. లడ్విగ్ బ్యాడ్జి ఊడదీయలేదు. గాలి కన్నంలో బిగించిన లోహపు బిళ్ళ అది, తీస్తే మళ్ళీ అలా కూర్చోదు. దాని మీద టేపు వేశాడు. తోలు ఆనే అంచుకూ టేపు వేశాడు. ఆ అంచు కాస్త గుండ్రబడ్డా తోలు సరిగ్గా కూర్చోదు, శ్రుతి నిలవదు.

400 నంబరు కాగితంతో మొదలు. నల్లటి నీళ్ళు కారాయి. నలుపు కింద నుంచి మసకబారిన అంబర్ పైకి తేలింది. పెద్దాయన ముఖం వాడిపోయింది. "ఇంకా పాడైంది!"

"ఆగండి."

400 తర్వాత 600, ఆపైన 800, 1000, 1500, 2000. ఒకసారి నిలువుగా పడితే తర్వాతి నంబరు అడ్డంగా. అప్పుడే పాత గీతలు పూర్తిగా పోయాయో లేదో కంటికి తెలుస్తుంది. నంబరు మారినప్పుడల్లా బకెట్టు కడిగి కొత్త నీళ్ళు. ముతక రేణువు ఒక్కటి మిగిలినా మళ్ళీ మొదటికే రావాలి. మెషిన్ బఫ్ ఉంది, ముట్టుకోలేదు. వంద డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కలకే మెత్తబడే సరుకిది. బఫ్ ఒక్కచోట ఆగితే అక్కడ షెల్ కరిగి చెదిరిపోతుంది. చివరికి ప్లాస్టిక్ పాలిష్, మెత్తటి గుడ్డ, చేతి బలం.

గ్యారేజీలో దీపాలు ఆర్పి, షెల్ లోపల బల్బు వెలిగించాడు. గీత ఉన్నచోట వెలుతురు చెదిరి తెల్లగా పట్టిస్తుంది. చుట్టూ తిప్పి చూశాడు. అంతా తేటగా ఉంది, అతుకు పక్కన ఒక్క లోతైన గీత తప్ప.

"దీన్నెందుకు వదిలారు?" పెద్దాయనకు కోపమే వచ్చింది.

"దాన్ని తీయాలంటే అక్కడొక్కచోటే గుంట పడేదాకా అరగదీయాలి. గుంట నుంచి చూస్తే అవతలిది వంకరగా కనిపిస్తుంది. ఇప్పుడు గీత ఒక్కటే కనిపిస్తోంది. అప్పుడు రిపేరు కనిపిస్తుంది. పైగా అక్కడ అతుకుంది. మందం తగ్గిస్తే దాని బలమూ తగ్గుతుంది."

పెద్దాయన వేలితో గీతను తడిమాడు. ఆ గరుకు కాగితం పట్టింది తన చెయ్యే కనుక ఇక వాదించలేదు.

"సబ్బు నీళ్ళు, మెత్తటి గుడ్డ. అంతకుమించి దీని మీద ఏదీ పడకూడదు" అన్నాడు మేస్త్రి. "లగ్గు బోల్టులు చేత్తో ఆనించి, పానాతో కొంచెం తిప్పితే చాలు."

"ఇంతకీ వాయించవచ్చా?"

"అలమారాలో పెట్టుకోవడానికైతే నలుపే బాగుండేది. దుమ్ము కనపడదు."

పెద్దాయన కారు డిక్కీలోంచి కర్రలు తీసుకొచ్చాడు.