మునగాల దివానుగారి అక్క

హైదరాబాదు–విజయవాడ రహదారిలో సూర్యాపేట దాటాక, కోదాడ ఇంకా రాకముందే మునగాల వస్తుంది. ఒకప్పుడు చుట్టూ నిజాం రాజ్యం; మధ్యలో ఈ పరగణా ఇంగ్లీషువాళ్ల కృష్ణా జిల్లాది. ఇక్కడ దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావును తెలుగు పుస్తకాలు అచ్చువేసిన విజ్ఞానచంద్రికా మండలి పేరు చెప్పి ఇప్పటికీ తలుచుకుంటారు. ఆయనకో అక్క ఉంది. ఆమెను చాలాకాలం ఎవరూ తలుచుకోలేదు.

భండారు అచ్చమాంబ 1874లో పెనుగంచిప్రోలులో పుట్టింది. కోదాడకు అదేమంత దూరం కాదు. పదేళ్లకు పెళ్లి, ఎక్కడో నాగపూరు వైపు కాపురం. బడికి వెళ్లింది లేదు. తమ్ముడు చదువుకోసం తన దగ్గరికి వచ్చి ఉంటే, అతని పక్కన కూర్చుని అక్షరాలు పట్టింది. తెలుగు, హిందీలతో ఆగక మరాఠీ, గుజరాతీ, బెంగాలీ దాకా వెళ్లింది. కన్న బిడ్డలిద్దరూ దక్కలేదు.

1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వచ్చింది. పేరు కాస్త బరువే, కానీ లోపలున్నది గట్టి పని: ఈ దేశపు స్త్రీల చరిత్రను ఒక స్త్రీ వెతికి రాయడం. మరుసటి ఏడు ఏలూరులో సత్తిరాజు సీతారామయ్య ‘హిందూసుందరి’ పత్రిక పెట్టారు. ఆ నవంబరులోనే అందులో ఆమె కథ ‘ధనత్రయోదశి’ అచ్చయింది. పండగపూట చేతిలో కాసు లేని మొగుడు పరాయి సొమ్ముకు ఆశపడితే, పెళ్లాం అడ్డం తిరుగుతుంది.

గురజాడ కథ ‘దిద్దుబాటు’ 1910 నాటిది. తెలుగులో తొలి కథ ఎవరిదనే తగవు ఇప్పటికీ తెగలేదు. తారీఖులు మాత్రం అచ్చమాంబ వైపే ఉన్నాయి.

అదే 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టింది. ఊరూరా తిరిగి ఆడవాళ్లను కూడగట్టింది. 1905 జనవరిలో పోయింది. నిండా ముప్పయ్యొక్క ఏళ్లు లేవు.

ఇదే సీమలో, తుంగతుర్తి దిక్కు, కర్విరాల కొత్తగూడెంలో 1931లో ఆడవాళ్ల గొంతు వినిపించిన మరొకామె, మల్లు స్వరాజ్యం, పుట్టింది. దొరల ఇంటి పిల్ల. పాటలు పాడుకుంటూ తెలంగాణ సాయుధ పోరాటంలోకి నడిచింది, తరవాత రెండుసార్లు ఎమ్మెల్యే అయింది. ఆమె తన కథ చెబుతుంటే రచయిత్రులు విమల, కాత్యాయని రాసుకున్నారు. 2019లో ‘నా మాటే తుపాకీ తూటా’ పుస్తకంగా వచ్చేసరికి ఆమెకు ఎనభై ఎనిమిదేళ్లు.