కారు రంగు రక్షణ పూత

కారు రంగు రక్షణ పూత అనగా కారు బయటి రంగును ఎండ, వాన, దుమ్ము, పక్షి రెట్టలు, గీతలు మొదలైనవాటి నుండి కాపాడటానికి, కర్మాగారంలో వేసిన రంగుపైన అదనంగా వేసే పారదర్శకమైన పొర. మైనం, పాలిమర్ సీలెంటు, సిరామిక్ పూత, పాలీయురేథేన్ ఫిల్ము వీటిలో ముఖ్యమైన రకాలు. మందంలోను, మన్నికలోను, ఖర్చులోను, పనిచేసే తీరులోను ఇవి ఒకదానికొకటి చాలా భిన్నమైనవి. ఏ ఒక్క పూతా అన్ని రకాల నష్టాలనుండి రక్షణ ఇవ్వలేదు. కనుక కారుకు ఎదురయ్యే నష్టం ఏమిటో ముందుగా గుర్తించి, దానికి తగిన పూతను ఎంచుకోవలసి ఉంటుంది.

రంగు పొరల నిర్మాణం

ఆధునిక కార్ల ఉక్కు రేకుపై రంగు ఒకే పొరగా ఉండదు. లోపలినుండి బయటకు ఈ క్రింది పొరలు ఉంటాయి.

* ఫాస్ఫేటు పొర: పై పొరలు రేకును గట్టిగా పట్టుకోవడానికి తోడ్పడుతుంది.
* ఎలక్ట్రోకోటు: కారు చట్రాన్ని రంగు తొట్టెలో ముంచి, విద్యుత్తు సహాయంతో వేసే పొర. తుప్పునుండి ప్రధాన రక్షణ దీనివల్లనే లభిస్తుంది.
* ప్రైమరు: ఉపరితలాన్ని నునుపు చేస్తుంది.
* బేస్ కోటు: కారుకు వర్ణాన్ని ఇచ్చే పొర.
* క్లియర్ కోటు: అన్నిటికన్నా పైన ఉండే పారదర్శక పొర. మెరుపునిచ్చేదీ, ఎండవానలను మొదట తట్టుకునేదీ ఇదే.

ఈ పొరలన్నిటి మందం కలిపి సాధారణంగా 100 నుండి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోటు సుమారు 35 నుండి 50 మైక్రాన్లు మాత్రమే. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు కాబట్టి, క్లియర్ కోటు వెంట్రుకకన్నా పలుచనిది. అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే రసాయనాలు ఈ పొరలోనే కలిపి ఉంటాయి. గీతలు పోవడానికి యంత్రంతో పాలిష్ చేసిన ప్రతిసారీ ఈ పొర కొంత అరిగిపోతుంది. అరిగిన క్లియర్ కోటును ఏ మైనమూ, ఏ పూతా తిరిగి తీసుకురాలేదు. ఆ భాగానికి మళ్ళీ రంగు వేయించడం ఒక్కటే మార్గం.

చరిత్ర

20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో కార్లకు గుర్రపు బండ్లకు వేసినట్లే వార్నిషు రంగులను కుంచెతో పొరలు పొరలుగా వేసేవారు. ఇవి ఆరడానికి వారాలు పట్టేది. 1923లో డ్యూపాంట్ సంస్థ 'డ్యూకో' అనే నైట్రోసెల్యులోజు లక్కరును ప్రవేశపెట్టింది. జనరల్ మోటార్స్ వారి ఓక్‌లాండ్ కార్లకు దీనిని మొదట వాడారు. త్వరగా ఆరే ఈ రంగు వలన ఉత్పత్తి వేగం పెరిగింది. అయితే లక్కరు ఎండకు త్వరగా కాంతిని కోల్పోయేది. దానిని తరచుగా పాలిష్ చేసి, మైనం పూయవలసి వచ్చేది. 1970లలో కాథోడిక్ ఎలక్ట్రోకోటు, 1980లలో క్లియర్ కోటు విస్తృతంగా వాడుకలోకి వచ్చాక రంగుల మన్నిక బాగా పెరిగింది.

పారదర్శక పాలీయురేథేన్ ఫిల్ము మొదట కార్లకోసం తయారైనది కాదు. వియత్నాం యుద్ధకాలంలో హెలికాప్టర్ రెక్కలను ఇసుక, రాళ్ళ దెబ్బలనుండి కాపాడటానికి వాడిన ఫిల్ము తరువాత పందెపు కార్లకు, ఆపై సాధారణ కార్లకు వచ్చింది. భారతదేశంలో 2000లలో 'టెఫ్లాన్ కోటింగ్' పేరుతో అమ్మిన పూతలు ప్రచారం పొందగా, 2010ల నుండి సిరామిక్ పూతలు, ఫిల్ములు ప్రాచుర్యంలోకి వచ్చాయి.

రంగును దెబ్బతీసే అంశాలు

ఎండ: అతినీలలోహిత కిరణాలు క్లియర్ కోటులోని రసాయన బంధాలను క్రమంగా తెంచివేస్తాయి. చివరకు పైకప్పు, బానెట్ వంటి భాగాలపై ఆ పొర తెల్లబడి, పొరలుగా ఊడిపోతుంది.

పక్షి రెట్టలు: వీటిలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. ఎండకు వేడెక్కి మెత్తబడిన క్లియర్ కోటు, ఎండిన రెట్ట చుట్టూ తిరిగి గట్టిపడినపుడు అక్కడ శాశ్వతమైన మచ్చ ఏర్పడుతుంది. వేసవిలో ఇది కొద్ది గంటలలోనే జరుగవచ్చు.

నీటి మచ్చలు: కఠిన జలం ఆరిపోయినపుడు అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు రంగుపై తెల్లని వలయాలుగా మిగులుతాయి. తెలంగాణ, రాయలసీమలలో బోరు నీటితో కార్లు కడిగేచోట ఇది సాధారణంగా కనిపించే సమస్య.

గీతలు: దుమ్ములో ఉండే ఇసుక రేణువులలో ముఖ్యమైనది క్వార్ట్జ్. మోహ్స్ కాఠిన్య మానంలో దీని విలువ 7. ఉదయంపూట దుమ్ము పట్టిన కారును పొడిగుడ్డతో తుడిస్తే ఈ రేణువులు క్లియర్ కోటును గీసివేస్తాయి. ఎండలో కనిపించే సాలెగూడు వంటి గీతలలో చాలావరకు ఇలా వచ్చినవే.

రాళ్ళ దెబ్బలు: జాతీయ రహదారులపై ముందు వాహనాల చక్రాలనుండి ఎగిరే చిన్న రాళ్ళు బంపరు, బానెట్ అంచులలో రంగును రేకువరకు పెకలిస్తాయి.

తుప్పు: విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర నగరాలలో గాలిలోని ఉప్పు వలన తుప్పు త్వరగా వస్తుంది. అయితే ఇది సాధారణంగా కారు అడుగు భాగంలో, తలుపుల అంచులలో, రంగు పెచ్చులూడిన చోట మొదలవుతుంది. బయటి మెరుపు పూత దీనిని ఆపలేదు. దీనికి అడుగు భాగాన వేసే ప్రత్యేకమైన తుప్పు నిరోధక పూత వేరుగా ఉంది.

పూతల రకాలు

మైనం

బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక రకపు తాటిజాతి చెట్టు ఆకులనుండి తీసే కార్నోబా మైనం ఇందులో ప్రసిద్ధమైనది. దీని ద్రవీభవన స్థానం సుమారు 82 నుండి 86 డిగ్రీల సెల్సియస్. సహజ మైనాలలో ఇది చాలా గట్టిది. చేతితో సులభంగా పూసుకోవచ్చు, ఖర్చు తక్కువ, మెరుపు బాగుంటుంది. కాని మన ఎండలకు, సబ్బు నీళ్ళకు కొన్ని వారాల నుండి రెండు మూడు నెలలకు మించి నిలువదు.

పాలిమర్ సీలెంటు

ఇవి సిలికోను వంటి కృత్రిమ పదార్థాలతో చేసినవి. సాధారణంగా నాలుగు నుండి ఆరు నెలలు ఉంటాయి. 'టెఫ్లాన్ కోటింగ్'గా పిలిచే పూతలు కూడా ఈ కోవలోనివే. టెఫ్లాన్ అనేది పాలీటెట్రాఫ్లోరోఇథిలీన్ అనే పదార్థపు వ్యాపారనామం. ఇది సుమారు 327 డిగ్రీల వద్ద కరుగుతుంది. వంట పాత్రలపై దీనిని అధిక ఉష్ణోగ్రతలో కాల్చి అతికిస్తారు. కారు రంగును అంత వేడి చేయడం సాధ్యం కాదు కనుక, ఇటువంటి పూత వంట పాత్రపై పొరవలె గట్టిగా అతుక్కోదు.

సిరామిక్ పూత

పేరులో సిరామిక్ అని ఉన్నా ఇది కాల్చిన పింగాణీ కాదు. సిలాక్సేను, పాలీసిలజేను వంటి సిలికాన్ సమ్మేళనాలు గల ద్రవాన్ని రంగుపై పూస్తే, అది గాలిలోని తేమతో చర్య జరిపి సిలికా వంటి గట్టి వలగా మారుతుంది. దీని మందం సాధారణంగా ఒకటి రెండు మైక్రాన్లు మాత్రమే. నీరు దీనిపై ముత్యాలవలె జారిపోతుంది. మురికి సులభంగా వదులుతుంది. ఒకటి నుండి మూడేళ్ళు, కొన్ని రకాలు అంతకుమించి నిలుస్తాయి.

వీటి ప్రకటనలలో కనిపించే '9హెచ్' అనేది పెన్సిల్ కాఠిన్య పరీక్షలో ఒక విలువ. నిర్ణీత కాఠిన్యం గల పెన్సిల్ ముల్లుతో గీసినపుడు పూతపై గీత పడుతున్నదా లేదా అని ఇందులో చూస్తారు. దీనికీ మోహ్స్ మానంలోని 9 అంకెకూ సంబంధం లేదు. కనుక 9హెచ్ పూత ఉన్న కారు కూడా ఇసుకకు గీసుకుంటుంది. ఇంత పలుచని పొర రాతి దెబ్బను ఆపలేదు. నీటి చుక్కలు దీనిపై ఎండిపోతే లవణపు మచ్చలు దీనిమీద కూడా ఏర్పడతాయి.

పాలీయురేథేన్ ఫిల్ము

రంగు రక్షణ ఫిల్ము అని పిలిచే ఇది థర్మోప్లాస్టిక్ పాలీయురేథేనుతో చేసిన పారదర్శకమైన పొర. మందం సుమారు 150 నుండి 200 మైక్రాన్లు, అనగా కారు మొత్తం రంగుకన్నా ఎక్కువ. పై రకాలన్నిటిలో రాళ్ళ దెబ్బలను నిజంగా తట్టుకోగలిగినది ఇది ఒక్కటే. చాలా ఫిల్ములపై పడిన సన్నని గీతలు ఎండవేడికి, వేడినీటికి వాటంతటవే మాసిపోతాయి. నాణ్యమైన ఫిల్ము ఐదు నుండి పదేళ్ళు ఉంటుంది. ఖర్చు అన్నిటికన్నా ఎక్కువ. నాసిరకం ఫిల్ము పసుపుబారుతుంది. అంటించేవారు కారుపైనే ఫిల్మును కత్తిరిస్తే రంగుపై కత్తిగాట్లు పడవచ్చు. వర్ణం మార్చడానికి అంటించే పీవీసీ ఫిల్ములు వేరు. వాటి మందం, రక్షణ తక్కువ.

ఎంపిక

* నీడలో నిలిపే, నగరంలో మాత్రమే తిరిగే కారుకు మైనం లేదా సీలెంటు సరిపోతుంది.
* ఆరుబయట ఎండలో నిలిపే కారుకు, తరచుగా కడగడానికి వీలులేనివారికి సిరామిక్ పూత ఉపయోగకరం.
* రహదారులపై ఎక్కువగా ప్రయాణించే కారుకు కనీసం బంపరు, బానెట్, అద్దాల వెనుక భాగాలకు ఫిల్ము వేయించడం మేలు. కారు మొత్తానికి వేయించనవసరం లేదు.
* పాత కారుకు ముందు మందమాపకంతో రంగు మందాన్ని కొలిపించాలి. క్లియర్ కోటు ఇప్పటికే పలుచబడి ఉంటే, పూతకు ముందు చేసే పాలిష్ మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది.
* ప్రమాదం తరువాత కొత్తగా రంగు వేసిన భాగంలో ద్రావణులు పూర్తిగా ఆవిరి కావడానికి ఒకటి రెండు నెలలు పట్టవచ్చు. రంగు తయారీదారు చెప్పిన గడువు ముగిసేవరకు దానిపై పూత వేయరాదు.

కొత్త కారు కొన్నపుడు ఇటువంటి పూతలను ధరలో కలిపి అమ్మడం వాడుక. ఏ పదార్థం, ఎంత మందం, హామీ ఏ నష్టాలకు వర్తిస్తుంది, మధ్యమధ్య డబ్బు చెల్లించి చేయించవలసిన నిర్వహణ ఏది అన్నవి వ్రాతపూర్వకంగా తెలుసుకోవాలి. రాళ్ళ దెబ్బలు, నీటి మచ్చలు హామీలో తరచుగా మినహాయింపబడతాయి.

వేసే విధానం

కారును కడిగి, రంగులో దిగిన ఇనుప రజను, తారును తొలగించి, ప్రత్యేకమైన బంకమట్టితో రుద్దుతారు. అవసరమైతే పాలిష్ చేసి, ఆల్కహాలుతో జిడ్డును తుడుస్తారు. గీతలను ముందుగా తొలగించకపోతే అవి పూత క్రింద అలాగే ఉండిపోతాయి. సిరామిక్ పూతను ఎండ తగలని, దుమ్ములేని గదిలో చిన్న చిన్న భాగాలుగా పూసి తుడుస్తారు. పూర్తిగా గట్టిపడటానికి సుమారు వారం పడుతుంది. ఆలోగా కారును కడగరాదు.

ఆరోగ్యం, పర్యావరణం

సిరామిక్ పూతలలోని ద్రావణుల ఆవిరి కళ్ళకు, ఊపిరితిత్తులకు హానికరం. రెండు భాగాలుగా కలిపి పిచికారీ చేసే క్లియర్ కోటులలోని ఐసోసయనేట్లు పనివారికి ఉబ్బసం కలిగించగలవు. గాలి ఆడని చిన్న గదులలో, ముక్కుకు రుమాలు మాత్రమే కట్టుకొని ఈ పని చేయడం ప్రమాదకరం. తగిన శ్వాసరక్షక ముసుగు, చేతి తొడుగులు తప్పనిసరి. ఫ్లోరిన్ గల జలవికర్షక పదార్థాలు ప్రకృతిలో సులభంగా విచ్ఛిన్నం కావు. పాలీటెట్రాఫ్లోరోఇథిలీన్ తయారీలో పూర్వం విరివిగా వాడిన పెర్‌ఫ్లోరోఆక్టనోయిక్ ఆమ్లాన్ని 2019లో స్టాక్‌హోం ఒడంబడిక నియంత్రిత పదార్థాల జాబితాలో చేర్చారు.

నిర్వహణ

ఏ పూత ఉన్నా కడిగే పద్ధతి మారకపోతే ప్రయోజనం ఉండదు. ముందు నీటితో దుమ్మును వదిలించి, తటస్థమైన షాంపూతో, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో కడిగి, నీడలో వెంటనే ఆరబెట్టాలి. పక్షి రెట్టలను పొడిగా గోకకుండా తడిగుడ్డతో నానబెట్టి తీయాలి. పొడిగుడ్డతో తుడవడం మానివేయడం ఖర్చులేని రక్షణ.

ఇవి కూడా చూడండి

* తుప్పు
* మైనం
* కఠిన జలం
* పాలీయురేథేన్
* మోహ్స్ కాఠిన్య మానం