మియాపూర్‌లో ఆగిపోయిన బిళ్ళ

"నాకు సుగరు లేదండి. మరి సుగరు బిళ్ళ రాశారేంటండీ?"

కడుపు స్కానింగులో 'ఫ్యాటీ లివర్' అని తేలాక అమలాపురం మందుల షాపు ముందు ఎవరైనా అడగదగ్గ ప్రశ్నే. జవాబు వెనక ముప్పయ్యేళ్ళ కథ ఉంది. అందులో పెద్ద భాగం హైదరాబాదులో నడిచింది.

గోదావరి జిల్లాల పల్లెల్లో ముప్పై దాటిన సుమారు 4,500 మందిని పరీక్షిస్తే, వందకు 13 మందికి సుగరు తేలింది. ఆ లెక్క 2006లోనే అచ్చయింది. ట్రాక్టరొచ్చింది, కోత మిషనొచ్చింది, ఒంటికి పని తగ్గింది. మూడు పూటలా అన్నం మాత్రం అలాగే ఉంది.  

గాదె నిండిపోతే ధాన్యం వసారాలో పోస్తాం. ఒంట్లోనూ అంతే. చర్మం కింద కొవ్వు కణాలు నిండితే మిగిలింది కాలేయంలో చేరుతుంది. అక్కడ ఇన్సులిన్ మాట చెల్లదు, సుగరు పెరుగుతుంది. పాత మందు మెట్‌ఫార్మిన్ కాలేయం చేసే చక్కెరను తగ్గిస్తుంది తప్ప, అక్కడి వాపును పెద్దగా మార్చదు. గ్లిటాజోన్లనే మందులు కొత్త గాదెలు కట్టి కొవ్వును అటు మళ్ళిస్తాయి. అందుకే కాలేయం తేలికపడుతుంది, మనిషి బరువెక్కుతాడు!

వీటిలో ముందుగా అమ్మకానికొచ్చింది ట్రోగ్లిటాజోన్. 1997లో అమెరికా మార్కెట్లోకి వచ్చి, కాలేయాలనే దెబ్బతీసి, 2000 మార్చిలో వెనక్కి పోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాదు మియాపూర్‌లోని డాక్టర్ రెడ్డీస్ రీసెర్చ్ ఫౌండేషన్‌ కూడా అదే కుటుంబం మీద పని చేస్తోంది. దాని వెనకున్న డాక్టర్ రెడ్డీస్ స్థాపకుడు, తాడేపల్లి పసుపు రైతు కొడుకు కల్లం అంజిరెడ్డికి సొంత మందు కనిపెట్టాలన్న పట్టుదల. అక్కడ పుట్టిన బాలాగ్లిటాజోన్‌ను 1997లో డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్ లైసెన్సుకు తీసుకుంది. భారతీయ కంపెనీ కనిపెట్టిన అణువు అలా విదేశానికి వెళ్ళడం అదే మొదలు. తర్వాత అక్కడిదే రాగాగ్లిటజార్‌నూ నోవో తీసుకుంది. అది సుగరుతోపాటు రక్తంలో కొవ్వునూ దించేది. 2002లో ఎలుకల మూత్రాశయాల్లో గడ్డలు కనిపించేసరికి నోవో పరీక్షలు ఆపేసింది. బాలాగ్లిటాజోన్ కూడా మార్కెట్‌దాకా రాలేదు.

అయితే ఆ విద్య పోలేదు. మియాపూర్‌లో వీటిపై పనిచేసిన బ్రజ్ భూషణ్ లోహ్రే, విద్యా లోహ్రే దంపతులు అహ్మదాబాద్ జైడస్‌కు వెళ్ళారు. అక్కడ తయారైన సరోగ్లిటజార్ 2013లో సుగరు రోగుల రక్తంలోని కొవ్వుకు మందుగా వచ్చి, 2020 మార్చిలో కాలేయపు కొవ్వు, వాపులకూ మన దేశంలో అనుమతి పొందింది. ఓడిన చోట నేర్చిన పాఠం మరో ఊళ్ళో పండిందనుకుంటాను.

ఈలోగా అదే గ్లిటాజోన్ల కుటుంబంలోని సుగరు బిళ్ళ పయోగ్లిటాజోన్ తనదైన దారిలో నడిచింది. సుగరు లేని 247 మంది ఫ్యాటీ లివర్ రోగులపై అమెరికాలో జరిగిన పరీక్ష 2010లో వెలువడింది. ముందే గీసుకున్న గెలుపు గీతను బిళ్ళ దాటలేకపోయినా, కాలేయంలో కొవ్వూ వాపూ తగ్గాయి. షాపు ముందు ప్రశ్నకు జవాబు ఇదే. కానీ కాళ్ళ వాపు, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు ముప్పు, మూత్రాశయ క్యాన్సరు భయం ఉండనే ఉన్నాయి. 2013 జూన్‌లో మన కేంద్ర ప్రభుత్వం దాన్ని ఆపి, జూలైలో హెచ్చరికతో తిరిగి వదిలింది. పక్కింటాయన చీటీ చూసి కొనుక్కునే బిళ్ళ కాదు.

ఇప్పటి హడావుడంతా సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌ది. సుగరుకు పుట్టి, బరువుకు పేరుపడి, 2025 ఆగస్టులో అమెరికాలో కాలేయానికీ అనుమతి పొందింది. దాన్ని కనిపెట్టింది నోవో నార్డిస్కే. ఆ మందును తయారుచేసి, పేటెంటు లేని దేశాలకు ఎగుమతి చేసుకునేందుకు 2025 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టులో నోవో మీద నెగ్గింది డాక్టర్ రెడ్డీస్.