జీవయంత్రశాస్త్ర పత్రికలు - సంపాదక ధర్మము

నూతన విషయమును కనుగొన్న పండితుని పేరు లోకమెరుగును. ఆ విషయమును పరీక్షింపజేసి, తప్పులు దిద్దించి, నిలువదగిన దానిని ప్రకటించి, నిలువరాని దానిని త్రిప్పి పంపిన పత్రికాసంపాదకుని పేరు మాత్రము సాధారణముగా నెవ్వరును ఎరుగరు. అయినను అతని పరిశ్రమ లేక శాస్త్రము ముందునకు సాగదు. మానవదేహమును యంత్రదృష్టితో పరిశీలించు జీవయంత్రశాస్త్రము, అనగా బయోమెకానిక్స్, యొక్క చరిత్రమునందు ఈ సత్యము స్పష్టముగా గోచరించుచున్నది. ఎముక యెంత బరువును మోయగలదు, కీలునందలి రాపిడి యెట్టిది, రక్తము నాళములలో నెట్లు ప్రవహించును అనునవి యీ శాస్త్రమునకు ముఖ్యమైన ప్రశ్నలు.

శాస్త్రపత్రికల పుట్టుక 1665వ సంవత్సరమునాటిది. ఆ యేడు మార్చి నెలలో, లండనునందలి రాయల్ సొసైటీకి కార్యదర్శియైన హెన్రీ ఓల్డెన్‌బర్గు ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ అను పత్రికను స్వంత వ్యయముతో వెలువరించెను. వ్యాసమును ప్రకటించుటకు ముందు తజ్ఞులచే వ్రాతపూర్వకమైన యభిప్రాయమును తెప్పించుకొను నాచారము ఆ సొసైటీయందు 1832లో నారంభమయ్యెను.

జీవయంత్రశాస్త్రము మాత్రము తనకంటూ పత్రిక లేకయే చిరకాలము పెరిగెను. ఇటలీ దేశీయుడగు గణితాచార్యుడు బొరెల్లి, మన కండరములు తామెత్తు బరువునకు అనేకరెట్లు అధికమైన బలమును ప్రయోగించుచున్నవని తులాదండ న్యాయముచే నిరూపించెను. అతని గ్రంథము అతడు మరణించిన పిమ్మట 1680-81లో రోము నగరమున అచ్చుపడినది. మరల 1866 ప్రాంతమున జూరిచ్ నగరమందు శరీరశాస్త్రజ్ఞుడగు మేయరు తొడయెముకను నిలువున కోసి లోపలి సన్నని పలకల యమరికను చూపగా, యంత్రశాస్త్రాచార్యుడగు కుల్మాను దానియందు తాను గణితముచే గీసిన బరువులెత్తు క్రేనులోని ఒత్తిడి రేఖల పోలికను గుర్తించెను. ఒకడెరిగినది రెండవవానికి తెలియుటచేతనే ఆ రహస్యము బయల్పడినది. ఇట్టి సమాగమము యాదృచ్ఛికముగా గాక నిత్యము జరుగవలెనన్న నొక వేదిక యావశ్యకము. ఆ వేదికయే పత్రిక.

రక్తాది ద్రవముల ప్రవాహమునకై 1962లో ‘బయోరియాలజీ’ యను పత్రిక వెలసెను. 1968లో ‘జర్నల్ ఆఫ్ బయోమెకానిక్స్’ ప్రారంభమయ్యెను. దాని స్థాపక సంపాదకులలో గేనర్ ఇవాన్సు శరీరనిర్మాణశాస్త్రాచార్యుడు. వెర్న్ రాబర్ట్సు యంత్రశాస్త్ర పక్షమువాడు. రెండు చక్రముల బండివలె ఆ పత్రిక నడచెను. 1977లో అమెరికా యంత్రశాస్త్రజ్ఞుల సంఘము ‘జర్నల్ ఆఫ్ బయోమెకానికల్ ఇంజనీరింగ్’ అను వేరొక పత్రికను స్థాపించెను.

ఇట్టి పత్రికకు సంపాదకత్వము వహించుట సులభము గాదు. వైద్యుడు వ్రాసిన వ్యాసమున గణితము బలహీనమై యుండవచ్చును. యంత్రవేత్త వ్రాసిన వ్యాసమున సజీవమగు నెముక ఉక్కుకడ్డీగా భావింపబడి యుండవచ్చును. కావున సంపాదకుడు వ్యాసమును ఉభయపక్షముల పండితులకును పంపి విమర్శింపజేయవలెను. ఎండిన యెముక తడి యెముక కంటె బిరుసై పెళుసుగా విరుగును. అట్లగుట, పరీక్షించిన యెముక తడిదో యెండినదో తెలుపని వ్యాసమునందలి అంకెలు ఎంత సూక్ష్మముగా నున్నను నిష్ప్రయోజనములు. ఈ చిన్న ప్రశ్నను అడుగువాడే సంపాదకుడు. రచయిత ప్రఖ్యాతుడైనను, స్నేహితుడైనను ఆ ప్రశ్నను మానరాదు. ఏలయన, ఆ యంకెలను నమ్మి కృత్రిమమైన కీలును నిర్మింతురు. దానిని ఒక రోగి తన దేహమున ధరించును.

ఓటమిని ప్రకటించుటయు గెలుపును ప్రకటించుటతో సమానమైన ధర్మమే. ఆంగ్ల శస్త్రవైద్యుడగు జాన్ చార్న్లీ తుంటికీలునకు టెఫ్లాను అను పదార్థముతో గిన్నెలు చేయించి సుమారు 300 మంది రోగులకు అమర్చెను. కొన్ని యేండ్లలోనే యవి అరిగిపోయి, ఆ పొడి చుట్టునున్న ధాతువులను చెరచెను. చార్న్లీ టెఫ్లాను ముక్కను, పాలిఎథిలీను ముక్కను తన తొడయందే పెట్టించుకొని పరీక్షించి, మొదటిది హానికరమని 1963లో ‘లాన్సెట్’ పత్రికయందు బహిరంగముగా తెలిపెను. పాలిఎథిలీను గిన్నెను అతడు 1962లోనే వాడనారంభించి యుండెను. దానివలననే తుంటికీలు మార్పిడి లక్షలాది జనులకు నడకను ప్రసాదించు చికిత్సయయ్యెను. అతడు తన యోటమిని దాచియుండినచో, తక్కిన వైద్యులు అదే టెఫ్లానును మరల వాడి మరికొందరు రోగులను బాధించి యుందురు గదా!

మన సంఘమున వైద్యవిద్యను, యంత్రవిద్యను అభ్యసించు యువకులు ఏటేట వృద్ధిపొందుచున్నారు. వారికి విద్యార్థివేతనములొసగు దాతలు ఒక విషయమును గమనింతురుగాక. గ్రంథాలయమునకు పత్రికను తెప్పించుటయు, తజ్ఞుడైనవాడు పరుల వ్యాసమును వేతనము లేకయే చదివి నిర్మొహమాటముగా దోషమును చెప్పుటయు విద్యాదానములే. ఈ రెండవ దానమునకు శిలాఫలకము ఉండదు. అయినను దాని ఫలము, తిరిగి నడవగలిగిన రోగి యడుగులయందు నిలిచియుండును.