పితూరీ అనే మాట

మన హాస్టళ్లలో రోజుకు పదిసార్లు వినిపించే మాట “పితూరీలు చెప్పకు”. పప్పు నీళ్లలా ఉందన్నా, పక్కమంచం పిల్ల సబ్బు తీసిందన్నా అదే జవాబు. చెప్పింది నిజమా కాదా అని చూడరు, చెప్పినవాళ్లే చులకనైపోతారు.

ఇదే మాట మన తాతముత్తాతల పోరాటానికీ పేరైంది. ఉర్దూ మీదుగా వచ్చిన ఈ మాటకు మూలంలో లోపం, అల్లరి అనే అర్థాలున్నాయి. తెల్లదొరల కాగితాల్లో అది కొండజనం తిరుగుబాటుకు పేరుగా స్థిరపడింది.

1879 మార్చిలో రంప ప్రాంతంలో, చోడవరం చుట్టుపక్కల తిరుగుబాటు లేచింది. (అది మన చోడవరం కాదు, గోదావరి వైపు రంపచోడవరం. పేరు చూసి మన పిల్లలు పొరబడుతుంటారు.) సొంతానికి కల్లు గీసుకున్నా పన్ను కట్టమన్నారు. మైదానపు వర్తకులు కోర్టు డిక్రీలు తెచ్చి పశువుల్ని తోలుకుపోయారు. చెప్పుకుంటే వినే దిక్కు లేదు. అప్పుడే ఠాణాల మీద పడ్డారు. ఆ మంట గొలుగొండ కొండల దాకా, అంటే అప్పటి విశాఖ జిల్లాలోకీ పాకింది. అణచడానికి సైన్యం దిగింది. కారం తమ్మన్నదొర 1880లో హతుడయ్యాడు.

మనం గుర్తుపెట్టుకోవాల్సింది దీని తర్వాత జరిగింది. ప్రభుత్వమే విచారణ జరిపించి, రంప మన్సబుదారు జనాన్ని పీడించాడని తేల్చి, అతన్ని తొలగించింది. కొండవాళ్లు చెప్పింది నిజమేనని సర్కారే ఒప్పుకున్నట్టు! పేరు మాత్రం పితూరీగానే ఉండిపోయింది.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొరల దళం చింతపల్లి ఠాణా మీద దాడి చేసింది. దాని వెనుకా వినిపించుకోని మొర ఉంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి కూలి సరిగా ఇవ్వక జనాన్ని పీడించాడు. సర్కారు రికార్డుల్లో ఇదీ పితూరీయే. ఇప్పుడు పుస్తకాలు దాన్ని మన్యం విప్లవం అంటున్నాయి, అనాల్సిందే. 1879 నాటిది మాత్రం ఇంకా ‘రంప పితూరీ’గానే అచ్చవుతోంది. తమ్మన్నదొర పేరు కొండ దిగి అంతగా వినిపించకపోవడమే కారణమని మా అభిప్రాయం.

మీ ఊళ్లో పెద్దలు ఆ పోరాటాలను కోయలో, కువిలో, ఆదివాసీ ఒడియాలో ఏ మాటతో చెప్పుకునేవారో అడగండి. విన్నది విన్నట్టు రాసి పంపితే వచ్చే సంచికలో వేద్దాం.